బోనులో రెండో గొంతు

టైలర్ చచ్చిపోయి ఏడాది దాటింది. అయినా 'గద్ద' అనే ఏజెంటుని వదల్లేదు.

టైలర్ అన్నది ఒక సాక్షికి గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. అతన్ని అవతలి దేశానికి అప్పగించిన రోజున కోర్టులో ఇంటర్‌ప్రెటర్ వేషంలో ఉన్నది గద్దే. ఇంటర్‌ప్రెటర్ "ఇతను వెళ్తానంటున్నాడు" అనకూడదు. బోనులో మనిషి తనే అయినట్టు "నేను వెళ్తాను" అనాలి. అలాగే అన్నాడు. ప్రాణహాని ఉండదని అవతలి ప్రభుత్వం ఇచ్చిన హామీని నమ్మి మంత్రి సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా టైలర్ అక్కడి జైల్లో ఉరికి వేలాడాడు. అప్పటినుంచీ గడ్డం గీసుకుంటుంటే వెనక ఎవరో "నేను వెళ్తాను" అంటారు. గద్దకి అద్దమంటేనే భయం పట్టుకుంది.

"ఈసారి వాళ్లడుగుతున్నది కెమిస్టుని. విషాల ముఠా గుట్టంతా వాడి దగ్గరే ఉంది," అన్నాడు చీఫ్. "పంపడానికి చట్టం ఒప్పుకుంటుందా లేదా అన్నదే జడ్జి చూస్తాడు. వాడంతట వాడే వెళ్తానంటే ఆ విచారణా ఉండదు. ఫైలు నేరుగా మంత్రి దగ్గరికే."

"వెళ్తానంటాడా?"

"వాడి కూతుర్ని ముఠావాళ్లు ఎత్తుకుపోయారయ్యా, అనక చస్తాడా? మనవాళ్లు వెతుకుతున్నారు. పిల్ల దొరికితే నీ ఇయర్‌ఫోన్‌లో 'గొడుగు' అని వినిపిస్తుంది. అందాకా నోరు జారావో, పిల్ల దక్కదు."

కోర్టులో అవతలి ప్రభుత్వం తరఫు లాయరమ్మ రెండువైపులా రహస్యాలమ్మే డబుల్ ఏజెంట్. మనిషి తళతళలాడిపోతోంది. నెరిసిన విగ్గుతో మళ్లీ ఇంటర్‌ప్రెటర్ వేషంలో ఉన్న గద్దని పోల్చుకోలేదు. కాగితాలు అందించే నెపంతో బోను దగ్గరికొచ్చి, కెమిస్టు ఊరి కొండయాసలో గుసగుసలాడింది. ఆ యాస ఇక్కడెవరికీ రాదని ఆమె ధీమా.

జడ్జి కళ్లజోడు సర్దుకున్నాడు. "మీ ఇష్టంతోనే వెళ్తున్నారా? ఎవరైనా బెదిరించారా?"

కెమిస్టు లాయరమ్మ వైపు చూశాడు. తన భాషలో, వెళ్తానన్నాడు.

గద్ద నోరు విప్పబోయి తలెత్తాడు. వెనక బెంచీలో టైలర్ కూర్చుని ఉన్నాడు. మెడ చుట్టూ కమిలిన గీత.

"సరిగా వినబడలేదు, యువరానర్. మళ్లీ చెప్పించాలి," అన్నాడు గద్ద.

చెప్పించాడు. ఇంకోసారి కూడా చెప్పించాడు.

"మీకు చెవుడా ఏంటండీ?" జడ్జి విసుక్కున్నాడు. "ఆయన తలూపాడుగా, చాలు. ఒప్పుకున్నట్టు రాసేస్తున్నా."

పెన్ను కాగితం మీద ఆనింది.

"గొడుగు," అంది ఇయర్‌ఫోన్. "గొడుగు దొరికింది!"

"ఆగండి!" గద్ద లేచాడు. "బోనులో మనిషి చెవిన పడే ప్రతిమాటా కోర్టుకి వినిపించాలని రూలు. ఒకటి మిగిలిపోయింది. 'మీ అమ్మాయి ఇంకా బతికే ఉంది. బుద్ధిగా ఒప్పుకో.' ఇది లాయరమ్మ గారి మాట. బోను మైకులో రికార్డయింది."

తర్వాత కొండయాసలో, పాప క్షేమమని చెప్పాడు. కెమిస్టు కడ్డీలు పట్టుకుని భోరుమన్నాడు. ఏడుస్తూనే ఏదో అన్నాడు.

"నేను వెళ్లను!" అని గద్ద అరిచినట్టే చెప్పాడు. టైలర్ మాత్రం బెంచీ మీంచి లేవలేదు.

బేడీలు పడగానే లాయరమ్మ మెరుపంతా దిగిపోయింది. "నన్ను మా దేశానికి మాత్రం పంపకండి సార్. చంపేస్తారు!"

"కంగారు పడకండమ్మా," అన్నాడు జడ్జి, పెన్నుకి మూత పెడుతూ. "ముందు వాళ్లు అడగాలి, తర్వాత మేం వినాలి, ఆపైన మంత్రిగారికి తీరికవ్వాలి. ఈలోపు మీకు ముసలితనం వచ్చేస్తుంది."