పత్తిమిల్లుల మల్లెవాసన

నార్కట్‌పల్లి దాటి నల్లగొండ తొవ్వ పట్టినంక వచ్చే మూతబడ్డ పత్తిమిల్లుకు మంచిపేరు లేదు. అర్ధరాత్రి దాటితే లోపలినుంచి మల్లెల వాసన వస్తదంట... గజ్జెలు మోగుతయంట... ఆడమనిషి ఏడుపు ఇనబడ్తదంట. లారీ డ్రైవర్లు సుత అక్కడ హారన్ కొట్టరు.

ఐలేశం మాత్రం దెయ్యాలకు భయపడడు. ఇది గొప్పలు చెప్పుకునుడు కాదు, లోకానికి ఆయన చేసే సేవ. పదిమందికి ధైర్యం రావాలని రోజూ గురవయ్య హోటల్ ముందట కూసోని ఈ ముచ్చటే చెప్పేటోడు. పన్నెండేండ్లల్ల ఒక్కసారి సుత రాత్రిపూట మిల్లు దిక్కు పోలేదన్నది వేరే సంగతి.

మూన్నెల్ల కింద భార్య నవనీత కామెర్లతోని పోయింది. హోటల్ ముందట ఆమె పూలబల్ల మిగిలింది. ఐలేశం పోయి దానెనుక కూసున్నడు. ఎందుకు కూసున్నవంటే — ఏమో అన్నడు. ఎవరన్న పెడితే తిన్నడు, లేకుంటే లేదు.

చూస్తే పూలదందా అల్కగనే ఉంటది. సాయంత్రం నల్లగొండల మొగ్గలు కొనాలె, తెల్లారేదాక విచ్చకుండ ఆపాలె, మాల కట్టి అమ్మాలె. ఆ నడిమి పనే ఆయనతోని కాలేదు. తెల్లారేసరికి రేకుల ఇంటి ఉడుకకు మొగ్గలన్నీ విచ్చుకునేటియి. విచ్చిన మల్లె ఎవ్వలు కొంటరు?

"ఐలేశం, రేపు పొద్దుగాల మా బిడ్డ లగ్గం. మాలలు నువ్వే ఇయ్యాలె," అన్నడు గురవయ్య. "గియి గూడ వాడినయనుకో, బల్ల జాగా ఇంకోళ్లకిస్త. ఏమనుకోకు."

"ఏమనుకోనన్నా."

నిజంగనే ఏమనుకోలేదు.

ఆ రాత్రి మొగ్గలు దొరికేసరికి బాగ ఆలస్యమైంది. మోపెడ్ ఎనుక బుట్ట కట్టుకొని వస్తుంటే — సరిగ్గ మిల్లు ముందటనే బండి ఆగిపాయె. కిక్కు కొట్టిండు. లేదు. మళ్ల కొట్టిండు...

గాలి లేదు. కుక్క అరుపు లేదు. లోపలినుంచి... మల్లెల వాసన.

బుట్టమీది తడిబట్ట తీసి చూసిండు. తన మొగ్గలు ముడుసుకోనే ఉన్నయి. ఇంత వాసన ఒక్క బుట్టది కాదు.

ఘల్లు... ఘల్లు...

ఉరకాలె. ఉరకనీకి సుత జర ఓపిక ఉండాలె కద — అది లేదు. ఇంకోటి తోచింది. మల్లెలు పెట్టుకునే దెయ్యానికి మొగ్గల సంగతి తెల్వదా? అడుగుతే పోయేదేముంది?

బుట్ట ఎత్తుకొని లోపలికి నడిచిండు. చీకట్ల నిలబడి మెల్లగ అడిగిండు —

"అమ్మా... మొగ్గలు తెల్లారేదాక విచ్చొద్దంటే ఏం జేయాలె?"

గజ్జెలు ఆగినయి. పక్కనే ఎవరో ఊపిరి తీసుకుంటున్నరు...

"తడిబట్ట... గట్టిగ పిండి కప్పాలె. నీళ్లు కారితే విచ్చుకుంటయి..."

"సరే అమ్మా," అని అక్కడనే బట్ట పిండబట్టిండు.

టార్చిలైటు వెలిగింది.

"ఎవలికిరా అమ్మ? నీకంటె నాలుగేండ్లే పెద్ద నేను!"

బస్టాండు కాడ పూలమ్మే బిక్షమ్మ! చేతుల గజ్జెలు. ఎనుక రాతిగోడల గది, నిండ మల్లెబుట్టలు. లోపల బావిల దిగినంత చల్లదనం.

"గీడ పెడితే మొగ్గలు పొద్దెక్కేదాక విచ్చవు. ఎవ్వలు రాకుంట మేమే దెయ్యాన్ని లేపినం."

"మేమంటే... ఎవ్వలక్కా?"

బిక్షమ్మ టార్చి కిందికి దించింది.

"నేను, మీ నవనీత. పన్నెండేండ్ల సంది. గజ్జెలు నావి. ఏడుపు ఆమెది. అబ్బ... ఏమేడుస్తుండె! తెలిసిన నాకే ఒళ్లు జలదరించేది."

"నాకు చెప్పలే. రాత్రంత నల్లగొండ మార్కెట్ల ఉంటననేది."

"హోటల్ కాడ నీ నోరు ఆగుతదా? దెయ్యాల్లేవని చాటుతుంటివి, నువ్వు గిట్ల వస్తవేమోనని నేను భయపడేదాన్ని. ఆమె నవ్వేది. 'మా ఆయన రాడక్కా' అనేది."

ఐలేశం బట్ట పిండి బుట్టమీద కప్పిండు.

పొద్దుగాల మాలలు వాడకుండ లగ్గానికి చేరినయి. బల్ల ఆయనకే నిలిచింది.

"రోజూ నీ బుట్ట గీడనే పెట్టుకో తమ్మి," అన్నది బిక్షమ్మ. "కిరాయి లేదు. ఆమె పని నువ్వు జెయ్యి. మూన్నెల్ల సంది ఏడుపు లేక జనానికి ధైర్యమొస్తాంది."

రెండేండ్లాయె. మొగ్గలు ఆపుడు వచ్చింది. కాడ తెగకుండ మాల కట్టుడు వచ్చింది. తొవ్వమీద లైటు కనబడ్డప్పుడల్ల బిక్షమ్మ మోచేత్తోని పొడుస్తది — "ఏడ్వు, తమ్మి..."

చీకట్ల నోరు తెరుస్తడు. ఊపిరి గుంజుతడు...

ఏడ్సుడొక్కటి ఐలేశానికి ఇంకా రాలేదు.