ముక్కలుగా తెచ్చిన కోపం

చంద్రుడి మీద పన్నెండో గనిలో రోజూ ఒకటే తంతు. గేటు దాటేముందు మూడువందల మంది కూలీలూ తల వంచుకుని కెమెరా ముందు నిలబడాలి. ముఖసంకలని అనే యంత్రం ఆ ఫొటోలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ముఖం చేస్తుంది. నలుగురిలో ఉన్నదాన్ని గట్టిపరుస్తుంది, ఒక్కడిలోనే ఉన్నదాన్ని చెరిపేస్తుంది. ఆ కాంపోజిట్ ఫొటోలో భావమేమిటో చెప్పడం నూకరత్నం ఉద్యోగం. కోపమని తేలితే, ఆమె పేరు చెప్పిన ఒకణ్ణి అడుగు సొరంగానికి పంపుతారు. అక్కణ్ణించి తిరిగొచ్చినవాడు లేడు. సాయంత్రం ఆ ఫొటోను భోజనాల హాల్లో వేలాడదీస్తారు, చూసి సిగ్గు తెచ్చుకోమని.

ఆవేళ ఫొటోలో ముఖం కోపంతో బిగుసుకుపోయి ఉంది. సూపర్నెంటు గోవర్ధనరావు నూకరత్నాన్ని యంత్రం గదిలో పెట్టి తలుపు బిగించాడు. మధ్యాహ్నంలోగా పేరు చెప్పాలన్నాడు. లేకపోతే ఆమే దిగాలి.

“కోపంగా ఉన్నదెవరు?” అని యంత్రాన్ని అడిగింది.

“ఎవరూ లేరు. విడివిడిగా అందరూ శాంతమే.”

ఫొటోలోంచి లోడర్లను తీసేసి చూసింది. కనుబొమల ముడి విడిపోయింది. డ్రిల్లర్లను తీస్తే దవడ వదులైంది. వంటవాళ్ళను తీస్తే పెదవి మెత్తబడింది. ఏళ్ళతరబడి అన్నం తింటూ ఆ ఫొటోనే చూశారు కదా, దాన్ని ఎలా తయారుచెయ్యాలో నేర్చేసుకున్నారు. తలా కాస్త తెచ్చి కోపం కట్టారు.

ఇంకోటి కూడా అర్థమైంది. ఒక్కడి కోపం ఈ యంత్రంలో ఎన్నడూ పడదు. మరి ఎనిమిదేళ్ళలో తను చెప్పిన పదకొండు పేర్లూ? తలుపు తెరుచుకోవాలని చెప్పినవే.

గోవర్ధనరావు వచ్చాడు. “ఎవడు?”

“అందరూనండి.”

“అందరూ అంటే గని నువ్వు తవ్వుతావా? ఒక్క పేరు చెప్పవమ్మా, పోయేదేముంది.”

లోడరు అప్పలకొండ పేరు నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“నా పేరే రాసుకోండి.”

“పిచ్చా నీకు? రేపటి ఫొటో ఎవరు చదువుతారు?”

“మీరే చదువుకోండి.”

సొరంగానికి దిగేవాళ్ళను విడిగా ఫొటో తీసి, బెదురుకోసం అదే హాల్లో పెడతారు. కెమెరా ముందు నిలబడగానే నూకరత్నానికి ఆ కాంపోజిట్ ముఖం మెదిలింది. అన్నీ ఉన్నాయి దానికి. చూపొక్కటే లేదు, అందరూ తల వంచుకునే నిలబడతారు కదా.

తలెత్తి, కెమెరాలోకి సూటిగా చూసింది.

లిఫ్టు కిందికి దిగుతోంది. పైన సాయంత్రం భోజనాల గంట కొడుతున్నారు.