దిగులుతో బతికే పైరు

కలుపు తీస్తున్న ఓబులేసు చెవి వెనక పల్లవి ఒక కనకాంబరం దోపి, "భలే ఉండావు బావా," అంది. అతను పకపకా నవ్వాడు. వెంటనే మణికట్టు మీది చెమటపట్టీ నీలంగా మారింది. చేని నడుమ బుసకొడుతూ వాసన చిమ్ముతున్న గంధస్తంభం ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో వేరుశెనగ మొక్కలన్నీ హాయిగా ఆకులు విప్పుకున్నాయి.

"నవ్వొద్దంటే నవ్వుతావేమిరా! ఎండిపోతాండాయి!" గట్టు మీది నుంచి తల్లి నరసమ్మ అరిచింది.

ఆ పైరు పేరు ఓర్పుశెనగ. కరువును అందరికంటే ముందు పసిగట్టేది రైతేనని పరిశోధకులు నమ్మారు. రైతు దిగులును చెమటలో చదివే పట్టీని, ఆ కబురును వాసనగా పైరు మీదికి వదిలే స్తంభాన్ని తయారుచేశారు. వాసన తగలగానే ఆకులు ముడుచుకుని, రంధ్రాలు మూసుకుని, ఉన్న తడిని దాచుకుంటాయి. విత్తిన నాడు ఎవరి చేతికి పట్టీ బిగిస్తే కోత దాకా వాళ్లే కట్టుకోవాలి. విప్పితే స్తంభం మూగబోతుంది.

కొత్తగా పెళ్లయినవాడి చేతికి కడితే ఏమవుతుందో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

భయపడదామనే ఓబులేసు చూసేవాడు. వాడిన సాళ్లను చూస్తే గుండె జారేది కూడా. అంతలో పల్లవి సద్ది విప్పి, ఎర్రగడ్డ కొరికి, ముక్కు ఎగబీలుస్తూ కళ్లు తుడుచుకునేది. ఆ ముఖం చూశాక భయం నిలిచేది కాదు.

ఆ సాయంత్రం నరసమ్మ కోడలితో అంది: "ఆషాఢం వచ్చె. అత్తాకోడండ్లు ఒక గడప దాటగూడదు. మీ అమ్మోళ్లింటికి పోయిరా పాపా."

"ఈ కాలంలో ఆషాఢమేమని నువ్వే అంటివి కదమ్మా?" అన్నాడు ఓబులేసు.

"అప్పుడు చేను పచ్చగుండెరా."

పల్లవి వెళ్లింది. ఫోన్లు కూడా వద్దంది నరసమ్మ. స్తంభం మళ్లీ బుసకొట్టింది. చేను నిలబడింది.

శ్రావణం వచ్చింది, వాన రాలేదు. పల్లవి తిరిగొచ్చే బస్సు వేళకు ఓబులేసు చేని పక్కన రోడ్డు మీద నిలబడ్డాడు. నవ్వకూడదని పళ్లు బిగబట్టాడు. చెవి వెనక కనకాంబరం మాత్రం పెట్టుకున్నాడు.

బస్సు ఆగింది. కిటికీలోంచి పల్లవి ఆ పువ్వును చూసింది. అతని చేతి మీద నీలమవుతున్న పట్టీని చూసింది. అతని వెనక, ఎండలో విచ్చుకుంటున్న ఆకుల్ని చూసింది.

"దిగమ్మా, మీ ఊరే," అన్నాడు కండక్టరు.

"కాదన్నా," అంది పల్లవి ముఖం తిప్పుకుని. "పోనీ."

బస్సు కదిలింది. ఓబులేసు దాని వెంట నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయాడు.

చేని నడుమ నుంచి తల్లి కేక వినిపించింది: "ఒరేయ్ ఓబులేసా! ఆకు ముడుచుకుందిరా! బతికిపోతిమి!"