టోపీ బంగ్లా

నాచారం ఫ్యాక్టరీల వెనక రోడ్డులో ఒక పాడుబడ్డ బంగ్లా ఉంది. చీకటి పడ్డాక తల మీద ఏదైనా పెట్టుకుని దాని ముందు నుంచి వెళ్లకూడదంటారు. మంకీక్యాప్ కానీ, హెల్మెట్ కానీ... ఎవరో లాగి పడేస్తారట.

వరండా గోడకి ఇంకా ఒక పెద్ద ఫొటో వేలాడుతోంది. అది ఆ బంగ్లా దొరది. ఎర్ర రూమీ టోపీ, నల్ల కుచ్చు, మెడదాకా గుండీలు పెట్టిన షేర్వానీ. తన ముందు ఇంకొకరి నెత్తిన గుడ్డ ఉంటే ఆ దొర ఓర్చుకోడట. బతికినన్నాళ్లూ చేసింది చాలక, చచ్చి నలభై ఏళ్లయినా అదే పని. థూ... చెప్పుకోవడానికే రోత.

ఇది దయాకర్ నాకు చెప్పిన సంగతి. అతను ఉప్పల్‌లో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్. అతని కింద గార్డు పోశయ్య, జనగామ దిక్కు మనిషి, అరవై నాలుగేళ్లు. రాత్రి డ్యూటీకి ఆ బంగ్లా మీదుగానే నడిచి వస్తాడు.

వరసగా రెండు రాత్రులు ఉత్త తలతో వచ్చాడు. యూనిఫాం టోపీ చేతిలో ఉంది — మురుగు ఓడుతూ. నల్లటి జిగురు, అందులో వెంట్రుకలు, ఏదో తెల్లటి పురుగు. ఆ కంపుకి దయాకర్ ముక్కు మూసుకున్నాడు.

"ఎట్ల పడ్డది మామా?"

"ఏమో సారూ... గేటు దాటినంక సూస్తే నెత్తి మీద లేదు. ఎన్కకు పోతే మోరీల దొరికింది."

మూడోసారి టోపీ లేకుండా కనబడితే పనిలోంచి తీసేస్తామని ఏజెన్సీ కాగితం పంపింది. ఇంట్లో భార్య దుర్గమ్మకి కిడ్నీలు పాడయ్యాయి, ఆమె మందులన్నీ ఈ జీతంలోనే. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు?

మూడో రాత్రి పోశయ్య టోపీని చెవులదాకా లాక్కుని బయల్దేరాడు.

మళ్లీ మురుగే.

దయాకర్ తన టోపీ తీసి అతని నెత్తిన పెట్టి, ఏజెన్సీవాళ్ల కంట పడకుండా కాపాడాడు. తెల్లారగానే ఇద్దరూ బంగ్లా ఎదురుగా ఉన్న గోడౌనుకి వెళ్లి, అక్కడి కెమెరా రికార్డు పెట్టించుకున్నారు.

రోడ్డు ఖాళీ... పోశయ్య ఒక్కడే వస్తున్నాడు. గేటు దగ్గర నడక మందగించింది. ఒక చెయ్యి పైకి లేచింది... టోపీ తీసింది... చంకలో పెట్టింది. నడుం వంగింది. రెండు చేతులూ జోడించేసరికి చంక వదులై టోపీ జారి పక్కనున్న మురుగు మోరీలో పడింది. అలాగే వంగి గేటు దాటాడు. అప్పుడు నిటారుగా నిలబడి తల తడుముకున్నాడు.

ఆ చెయ్యి పోశయ్యదే.

అతను తన కుడిచేతిని పురుగును చూసినట్టు చూసుకుని, ప్యాంటుకి గట్టిగా తుడుచుకున్నాడు.

"మా ఊళ్లె దొరుండే గడి ముంగట నెత్తి రుమాలు ఇప్పి సంకల వెట్టుకోవాలె. ఆరేండ్లప్పుడు మా నాయిన నేర్పిండు. గీ దొరెవడో మాకు తెల్వనే తెల్వదు..." గొంతు తగ్గించాడు. "దొరలు సచ్చిన్రని నా చెయ్యికి ఎవ్వలు జెప్పలే సారూ."

ఆ రాత్రి దయాకర్ గోడౌను ముందు నిలబడి చూశాడు. గేటు దగ్గరికి రాగానే పోశయ్య కుడిచెయ్యి లేవబోయింది. ఎడమచేత్తో దాని మణికట్టు పట్టి, మెలిపెట్టి కిందికి గుంజాడు.

టోపీ నెత్తి మీదే ఉంది. కానీ గేటు దాటేదాకా ఆ కుడిచేతి వేళ్లు పైకి పోవాలని కొట్టుకుంటూనే ఉన్నాయట...