తుడిచేసిన ఓకే

వాండా మొదట పిడుగు పడిందనుకుంది.

ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంది. మరి ఆ ఉరుము ఎక్కణ్ణించి? వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద ఎర్రలైటు దగ్గర ఆగిన ఆమె చిన్న కారు అద్దాలు గడగడా వణుకుతున్నాయి. ఇంజను పేలిపోతోందని, తనూ కూతురూ ఇక్కడే మాడిపోతారని, రేపు పేపర్లో తన బడి ఐడీ కార్డు ఫొటో వేస్తారని, అందులో తన జుట్టు అస్సలు బాగుండదని, ఒక్క క్షణంలో అన్నీ అనేసుకుంది.

"అమ్మా, మన కారు కాదు. పక్కన చూడు," అంది హాలీనా.

పక్కన నేరేడుపండు రంగు బండి. పొడుగాటి ముక్కు, బలిసిన వెనక చక్రాలు, అరవై ఏడో సంవత్సరపు మోడలు. అంత వయసులోనూ పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. స్టీరింగ్ వెనక ఓ కుర్రాడు. హాలీనా వైపు చూసి, వేలితో టోపీ అంచు తాకాడు.

హాలీనా నవ్వింది.

ఆ నవ్వు చూశాక వాండాకి ఉరుము కన్నా ఎక్కువ భయం వేసింది.

ఖర్మ కొద్దీ రెండు బళ్ళూ ఒకే బర్గర్ల కొట్టు ముందుకి తిరిగాయి. వాండా లైట్లు కూడా ఆర్పకుండా దిగి, ఆ బండి మీదికి వెళ్ళింది.

"ఏం అబ్బాయ్! రోడ్డు మీద మనుషులు బతకాలా వద్దా? గుండెజబ్బు వాళ్ళుంటారు, కడుపుతో ఉన్నవాళ్ళుంటారు!"

"అయ్యో, మీకు గుండెజబ్బా అండీ?" కుర్రాడు నిజంగానే కంగారుపడ్డాడు.

"ఇంకా లేదు. ఇప్పుడొచ్చినా రావచ్చు."

"ఏం చెయ్యనండీ, సైలెన్సర్ కూడా అప్పటి రకమే. దాని గొంతే అంత."

"నీకు ఇంట్లో చెప్పేవాళ్ళు ఎవరూ లేరా?"

"ఉన్నారండీ. ఇదిగో."

పక్క సీట్లోంచి ఓ ముసలావిడ తొంగిచూసింది. చేతిలో బంగాళాదుంప వేపుళ్ళ పొట్లం. "నేనే వాణ్ణి ఇంకాస్త తొక్కమన్నాను," అంది నములుతూ. "నా పేరు ఓపల్. ఈ బండి నాది. మొదటి ఉద్యోగం జీతంతో కొత్తదే కొన్నాను. వీడు నా మనవడు ఎమెట్. బండితో పాటు వచ్చాడు."

ముసలావిడే అలా ఉంటే కుర్రాణ్ణి ఏమని ఏం లాభం?

బర్గర్లు తిని వచ్చేసరికి వాండా కారు స్టార్ట్ కాలేదు. వెలిగే లైట్లు బ్యాటరీని తాగేశాయి. ఎమెట్ అడక్కుండానే నేరేడు బండిని ముక్కుకి ముక్కు తెచ్చి ఆపి, డిక్కీలోంచి కేబుళ్ళు తీశాడు. వాండా వెళ్ళి దీపస్తంభం చాటున నిలబడింది.

"హాలీ! దూరంగా ఉండు, పేలుతుంది!"

హాలీ దూరంగా లేదు. కేబుల్ చివర పట్టుకుని అతని పక్కనే నిలబడింది.

"ఎరుపు ఎరుపుకి," అన్నాడు ఎమెట్.

"నలుపు?"

"నలుపు నలుపు... కాదు కాదు, మీ బండి వైపు ఇక్కడ ఇనుముకి. మీరలా చూస్తుంటే నాకు రంగులు కలిసిపోతున్నాయి."

"నేను కళ్ళడాక్టరు దగ్గర పనిచేస్తాను. రంగులు కలిసిపోతే వచ్చి చూపించుకోండి."

"రేపు రావచ్చా?"

"అపాయింట్‌మెంట్ లేకుండా చూడం."

"ఎలా తీసుకోవాలి?"

"ఫోనివ్వండి, నంబరు కొడతాను."

స్తంభం చాటున్న వాండాకి ఈ మాటలేవీ వినపడలేదు. కానీ కారు స్టార్ట్ అయ్యాక కూడా కూతురు బోనెట్ దగ్గర్నించి కదలకపోవడం మాత్రం కళ్ళారా చూసింది.

*

ఆ వేసవంతా హాలీనా బట్టలకి పెట్రోలు వాసనే. ఆదివారాలు ఎమెట్ షెడ్డులో కార్బురేటర్ కడగడం, సాయంత్రాలు వుడ్‌వర్డ్ మీద ఊరేగడం. పార్కింగ్ స్థలాల్లో బోనెట్లు ఎత్తుకుని, మడతకుర్చీలేసుకుని, ఒకరి ఇంజను ఒకరు మెచ్చుకునే జనం మధ్య తన పిల్ల కూడా చేరిపోయింది.

"సెప్టెంబరులో పోటీ ఉందమ్మా. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బండికి పెద్ద బహుమతి. ఓ బోల్టు మార్చినా మార్కులు కోస్తారు. ఎమెట్‌దే గెలుస్తుందంటున్నారు అందరూ."

"బోల్టులు కూడా మార్చలేదా! అరవై ఏడు నుంచీ అవే బోల్టులా!" వాండా మంచం మీద కూర్చుండిపోయింది.

ఎమెట్ వాన చినుకు పడితే బండి బయటికి తీయడు. తుప్పు పడుతుందని భయం. ఆకాశం మబ్బు పడితే అతని మొహమూ మబ్బు పడుతుంది. అలాంటిది, జూలైలో ఓ సాయంత్రం కుండపోతగా కురిసి, బస్సులాగిపోయి, హాలీనా క్లినిక్ మెట్ల మీద ఇరుక్కుపోయిందని తెలియగానే, అదే బండేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటి ముందు నేరేడు బండి ఆగేసరికి వాండా తువ్వాలుతో గుమ్మంలోనే ఉంది. కూతురి కళ్ళలో వెలుగు చూసి మురిసిపోవాల్సింది. ఆమె చూసింది చక్రాల వైపు.

"ఈ వానలో బ్రేకులు పడ్డాయా?"

"పడ్డాయండీ. నాలుగూ పాత డ్రమ్ బ్రేకులు కదా, తడిస్తే మాత్రం కాస్త ఆలోచించుకుని పడతాయి."

"బ్రేకు ఆలోచించుకోవడమేమిటయ్యా! అది ఆలోచించేలోపు నా పిల్ల ఏమైపోవాలి? భుజం మీది బెల్టేది?"

"అప్పట్లో నడుముకే ఇచ్చేవారండీ."

"నడుమొక్కటీ ఇంటికి తెచ్చిస్తావా నాకు? దీని నాన్న పోయాక దీన్ని ఎలా పెంచుకొచ్చానో నీకేం తెలుసు!"

"అమ్మా!" అంది హాలీనా.

ఎమెట్ వాన కారుతున్న టోపీతో అలాగే నిలబడి, బండి లోపలికి, హాలీనా కూర్చున్న సీటు వైపు, చాలాసేపు చూశాడు.

*

ఆగస్టులో ఓ ఆదివారం అతణ్ణి భోజనానికి పిలిచింది హాలీనా. వాండా బంగాళాదుంప కూరి పియరోగీ కుడుములు చుట్టింది, క్యాబేజీ వండింది, చెర్రీపళ్ళు కూరిన తీపి పై కాల్చింది. ఎమెట్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఇంజను వేడెక్కిందని బోనెట్ ఎత్తి వదిలేసి, చేతులు కడుక్కోవడానికి లోపలికెళ్ళాడు. మాటిమాటికీ చొక్కా జేబు తడుముకుంటున్నాడు. గుండెనొప్పేమో, ఈ వయసుకే ఎందుకొచ్చిందో అని వాండా గాభరాపడింది.

చెత్త పడేద్దామని బయటికొచ్చినప్పుడు కనిపించింది ఆమెకి. ఇంజను వెనకాల రేకు గోడ మీద, పసుపుపచ్చగా ఓ మరక. వాండా బడి వంటగదిలో పనిచేస్తుంది. పొయ్యి వెనక జిడ్డు పసుపురంగుకి తిరిగిందంటే ఇక నిప్పంటుకోవడమే తరువాయి అని ఆమెకి నూరిపోసి ఉన్నారు. పిల్ల రోజూ ఎక్కే బండిలో, వేడి ఇంజను వెనకే, ఇంత జిడ్డా!

జిడ్డు వదిలించే మందు సీసా తెచ్చింది. గుడ్డతో పోయేదాకా రుద్దింది. రేకు తళతళా మెరిశాక గర్వంగా పిలిచింది.

"ఎమెట్! చూడు నాయనా, ఎంత శుభ్రం చేశానో."

ఎమెట్ వచ్చాడు. చూశాడు. మొహంలో రక్తం లేకుండా పోయింది.

"అక్కడ... ఓ గుర్తుండాలి."

"పసుపు జిడ్డేగా? పోయింది. ఇక నిశ్చింత."

"అమ్మా, అది జిడ్డు కాదే!" హాలీనా తల పట్టుకుంది. "బండి ఫ్యాక్టరీ గేటు దాటేముందు ఓ మనిషి అన్నీ చూసి, అంతా బాగుంది, వెళ్ళనివ్వండి అని పసుపు మైనపు పెన్సిల్‌తో 'ఓకే' రాస్తాడు. అది అరవై ఏడు నుంచీ అలాగే ఉంది! నువ్వు తుడిచేసింది ఆ ఓకే!"

"ఫర్వాలేదండీ," అన్నాడు ఎమెట్. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాడు. రెండు పియరోగీలు కెలికి, కడుపు బాగాలేదని చెప్పి, చెర్రీ పై ముట్టకుండానే వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఫోన్లు రాలేదు. ఒక్క మెసేజ్ మాత్రం వచ్చింది: బండి పని ఉంది, కొన్నాళ్ళు కుదరదు.

"బండి పనిట," అంది హాలీనా ఫోను దిండు కింద తోసేస్తూ. "మనిషితో పని అయిపోయిందన్నమాట."

"నువ్వే చెయ్యకూడదూ?"

"నేనెందుకు చేస్తాను? ఆ పసుపు గీతకున్న విలువ నాకు లేనప్పుడు!"

ఆ తర్వాత హాలీనా బట్టలకి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. వాండాకి ఆ వాసన భరించడం కష్టమైంది. ఇన్నాళ్ళూ ఆ బండి దేన్నో గుద్దుకుంటుందని హడలిపోయింది. చివరికి గుద్దింది తన చేతిలో గుడ్డ. పిల్ల ఇక నవ్వదేమో, ఒంటరిగా ముసలిదైపోతుందేమో, తోడుకి పిల్లులే మిగులుతాయేమో. హాలీకి పిల్లులు పడవు, తుమ్ములు!

*

ఇక ఆగలేక ఓ రోజు వాండా ఇంకో చెర్రీ పై కాల్చి, బళ్ళో అడిగి ఓ పసుపు మైనపు పెన్సిల్ తెచ్చుకుని, ఎమెట్ షెడ్డుకి వెళ్ళింది.

ఓపల్ మడతకుర్చీలో కూర్చుని ఐస్ టీ తాగుతోంది. బండి కింద నుంచి రెండు బూట్లు మాత్రం బయటికున్నాయి. వాండా ఆ బూట్లతోనే మాట్లాడింది.

"నాయనా, నాకు పెద్దగా చదువు లేదు, ఉన్నది భయం ఒక్కటే. తప్పయిపోయింది. పెన్సిల్ తెచ్చాను. అదెలా ఉండేదో చెప్పు, అచ్చం అలాగే రాసేస్తాను."

బూట్లు కదల్లేదు. "అలా రాస్తే దొంగగుర్తవుతుందండీ," అంది బండి కింద గొంతు.

"దొంగగుర్తా! పోలీసులొస్తారా?"

ఓపల్‌కి టీ పొలమారింది. "ఏ పోలీసులూ రారమ్మాయ్. వాడసలు పోటీకే పోవట్లేదు. లోపలికి చూడు."

వాండా తొంగిచూసింది. ముందు సీట్లకి భుజం మీంచి వచ్చే కొత్త బెల్టులు. బయట ముందు చక్రాల సందుల్లోంచి నిగనిగలాడే కొత్త డిస్క్ బ్రేకులు.

"ఆ బెల్టు కోసం పాత రేకుకి డ్రిల్లు పెట్టాడు. రేకుకి కన్నం పడితే పోటీలో పెద్ద బహుమతి గల్లంతే. అప్పుడు ఏడ్చాడు చూడు, నా పెళ్ళిలో మా నాన్న కూడా అంత ఏడవలేదు."

"నాయనమ్మా!" ఎమెట్ బయటికి దొర్లాడు. ముక్కు మీద గ్రీజు.

"ఎప్పుడు పెట్టావిది?" వాండా కొత్త బెల్టు పట్టుకుని అడిగింది.

"బెల్టులా? ఆ వానరోజే అనుకున్నానండీ. మీ ఇంటికి భోజనానికొచ్చే ముందు రాత్రి పెట్టాను. బ్రేకులు నిన్న అయ్యాయి."

"అప్పటికే పోటీ వదులుకున్నావా! మరి ఆ పసుపు గుర్తు పోతే ఎందుకలా తెల్లబోయావు?"

ఎమెట్ గ్రీజు గుడ్డని చేతుల్లో నలిపాడు. "మీకు బెల్టు చూపించి ఓ మాట అడుగుదామనుకున్నానండీ. వచ్చి చూసేసరికి మీరు ఓకే తుడిచేసి, 'ఇక నిశ్చింత' అంటున్నారు. నేనే ఓకే కాదేమోననిపించింది. బ్రేకులు కూడా మార్చాక మళ్ళీ వద్దామని..."

"నేను జిడ్డనుకున్నాను బాబూ! ఇంతకీ ఏం మాట?"

"అమ్మాయ్, ముందు నీకు కళ్ళజోడు కావాలి," అంది ఓపల్. "వాడి జేబు చూడు."

ఎమెట్ చెయ్యి అప్పటికే జేబు మీదుంది. చిన్న డబ్బా ఆకారం.

"అదా!" వాండా కుర్చీ కోసం వెతుక్కుంది. "నేను గుండెనొప్పి అనుకుని నీ కోసం చర్చిలో రెండు కొవ్వొత్తులు వెలిగించానయ్యా!"

వాండా చెర్రీ పై పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. బెల్టు క్లిక్‌మంది. ఓసారి గట్టిగా లాగి చూసింది.

"పద. ముందు ఆ బ్రేకుల సంగతి తేల్చాలి."

ఖాళీ రోడ్డు మీదికి రాగానే, "ఆపు!" అని అరిచింది. ఎమెట్ తొక్కాడు. బెల్టు భుజాన్ని పట్టుకుంది, బండి గీత గీసినట్టు ఆగింది. ఒళ్ళో చెర్రీ పై చెదరలేదు.

"మళ్ళీ."

మళ్ళీ ఆగింది.

"ఇంకోసారి."

ఆ ఇంకోసారికి వాండా తను నవ్వుతున్నానని గమనించింది. కాళ్ళ కింద ఆ ఉరుము పెద్ద పిల్లి గురకలా ఉంది. కిటికీలోంచి గాలి. దుకాణాల ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు చేతులూపుతున్నారు, ఆమెకే! వాండా కూడా చెయ్యి ఊపింది. తర్వాత అటూ ఇటూ చూసి, మెల్లిగా అంది:

"కాస్త తొక్కు. హాలీకి చెప్పకు."

*

హాలీనా క్లినిక్ తలుపు తోసుకుని బయటికి వచ్చేసరికి మెట్ల ముందు నేరేడు బండి. ముందు సీట్లో, జుట్టు రేగిపోయి, ఒళ్ళో చెర్రీ పైతో, వాళ్ళమ్మ.

"అమ్మా? ఏమైంది? ఎవరికేమైంది?"

"నువ్వు నాలా మాట్లాడకు," అంది వాండా. "దిగుతున్నానుండు."

చినుకులు మొదలయ్యాయి. ఎమెట్ దిగి మెట్ల కింద నిలబడ్డాడు.

"బండి తడుస్తోంది," అంది హాలీనా బిగుసుకుని.

"తడవనీ."

"తుప్పు పడుతుంది."

"పడనీ. నాకు కళ్ళ పరీక్ష కావాలి. నువ్వు లేకపోతే అన్ని రంగులూ ఒకటే అయిపోతున్నాయి."

"అపాయింట్‌మెంట్ ఉందా?"

"జీవితాంతానికి కావాలి. దొరుకుతుందా?" అని మోకాలి మీద కూర్చున్నాడు. సరిగ్గా నీళ్ళగుంటలో. డబ్బా తెరిచాడు.

హాలీనా ఉంగరాన్ని చూడలేదు. సీటు పక్క మెరుస్తున్న కొత్త బెల్టుని చూసింది. అతను ప్రాణంలా చూసుకునే పాత రేకుకి పడ్డ కన్నాన్ని చూసింది. ఆమె కళ్ళు నిండిపోయాయి.

"పిచ్చివాడా, మార్కులన్నీ పోగొట్టుకున్నావు కదా," అంది.

"ఒక్కరు వేస్తే చాలు."

"వేశాను, లే. చలి చేస్తుంది," అని అతన్ని రెండు చేతులతో పైకి లాగింది.

వెనక బోనెట్ తెరుచుకున్న చప్పుడైంది. ఇద్దరూ తిరిగి చూశారు. వాండా ఇంజను మీదికి వంగి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, శుభ్రమైన ఆ రేకు గోడ మీద పసుపు మైనపు పెన్సిల్‌తో ఏదో దిద్దుతోంది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"బ్రేకులు చూశాను. బెల్టు చూశాను. నడిపేవాణ్ణీ చూశాను." వాండా పక్కకి జరిగింది. బడి పిల్లల రాతలా గుండ్రంగా, పెద్దగా, వంకరగా: ఓకే.

"ఇది దొంగగుర్తు కాదు," అంది ఎమెట్‌తో. "చూసినవాళ్ళే రాశారు."

హాలీనా తల్లి మెడ చుట్టూ చేతులేసింది. ముగ్గురూ తడిసి ముద్దవుతున్నారు. మైనం మాత్రం వానకి చెదరలేదు.

"అన్నట్టు బాబూ," అంది వాండా ఉన్నట్టుండి, వెనక సీటులోకి తొంగిచూస్తూ. "ఇక్కడ బెల్టులేవీ?"

"వెనక ఎవరూ కూర్చోరండీ."

వాండా అతన్ని చూసింది, కూతుర్ని చూసింది.

"కూర్చుంటారు," అంది. "ఇప్పట్నించే పెట్టించు."