నువైద్రాత్ వాకిట్లో కాచిన డప్పులు

చేయి మారిన డప్పు పలకదని ఒక నమ్మకం. ఉత్తర తెలంగాణ నుంచి బహ్రెయిన్ వచ్చి సల్మాబాద్‌లోని ఒక ఇనుప వర్క్‌షాపులో పనిచేస్తున్న జట్టులో అందరికీ అది ఉండేది. ఎవరి డప్పు వాళ్ళే మోసుకోవాలి, ఎవరి డప్పు వాళ్ళే మంటకు కాచుకోవాలి. పరాయి చేయి పడితే తోలు అలుగుతుంది. దీనికి సాక్ష్యమేమిటని అడిగితే జట్టు పెద్ద పోశన్న "మా తాత చెప్పిండు" అనేవాడు. తాతకు ఎవరు చెప్పారని అడిగినవాళ్ళు లేరు.

1996 శీతాకాలంలో ఆ నమ్మకానికి ఒక పరీక్ష జరిగింది. ఎవరూ కావాలని పెట్టింది కాదు. అంతకు కొన్ని వారాల ముందు ఒక ముసలావిడ కుర్చీ మీద ఎండ పడటంతో అది మొదలైంది.

వర్క్‌షాపు అబూ జాసిం అనే పెద్దాయనది. ఆయనకు డప్పంటే ఇష్టం. శుక్రవారం మధ్యాహ్నం మనుషులు వాకిట్లో అట్టపెట్టెలు తగలబెట్టి, ఆ మంటకు తోలు బిగించి, దరువు వేస్తుంటే కుర్చీ వేయించుకుని వినేవాడు. ఒక శుక్రవారం నువైద్రాత్‌లో ఉండే తన అక్కను కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆమె ఇంట్లో పనిచేసే సత్యదుర్గ చాయ్ ఫ్లాస్కుతో వెనకే దిగింది. ఆ అమ్మాయిది కోనసీమ.

గొడుగు ఇంట్లో మరిచిపోయారు. సత్యదుర్గ చుట్టూ చూసింది. గోడకు ఆనించి ఉన్న ఒక గుండ్రటి వస్తువును తీసి, ముసలావిడ తలకు నీడ పట్టింది.

"ఓ పిల్లా! కింద వెట్టు! ముందుగాల కింద వెట్టు గది!"

పరుగెత్తుకొచ్చినవాడి పేరు భూమేష్. మెట్‌పల్లి దగ్గరివాడు, వెల్డరు. ఆ డప్పు అతనిది. వెనక నుంచి పోశన్న "చేయి మారితే పలకది" అని గొణుగుతున్నాడు.

"పెడతానండీ. మామాకి ఎండ తగుల్తుంది. మీ అప్పడం కాసేపు అరువిస్తే అరిగిపోద్దా?"

"అప్పడమా? డప్పది!"

"ఎండలో ఎండబెట్టారు కదండీ. అప్పడవనుకున్నాను."

"నీకు మతి ఉందా? ఆడమనిషిని పట్టుకొని మామ అంటున్నవ్, డప్పును పట్టుకొని అప్పడమంటున్నవ్."

"ఇక్కడ ఇంటావిణ్ణి మామా అనే అంటారండీ. తెలీపోతే అడగాలి. అయినా మొదటిసారి మాటాడతా నువ్వంటారేటండీ?"

"మా దిక్కు దేవునిగూడ నువ్వే అంటం."

"ఆయ్, అయితే పర్లేదు" అని ఆమె డప్పును అతనికి తిరిగి ఇచ్చేముందు వేళ్ళతో ఒక్కసారి తట్టింది. అది ఖణేలుమంది.

"చేయి మారితే పలకదన్నట్టున్నారు అక్కడ పెద్దాయన. పలికింది కదండీ?"

"అది పలుకుడు గాదు. ఏడ్సుడు."

"నవ్విందేమో. మీకు ఆ రెంటికీ తేడా తెలీదేమో."

భూమేష్ డప్పును మళ్ళీ గోడకు ఆనించాడు. సాయంత్రం కారు వెళ్ళిపోయిన చాలాసేపటికి అతనికి ఒక జవాబు తోచింది గాని, దాన్ని పోశన్నకు చెప్పి ప్రయోజనం లేదు. తర్వాతి శుక్రవారం దాన్ని ఉపయోగించుకున్నాడు. ఆమె దగ్గర దానికి ముందే సిద్ధం చేసిన జవాబు ఉంది. ఆ విధంగా కొన్ని శుక్రవారాలు గడిచాయి. మామా తనకు డప్పులు వినాలని ఉందని తమ్ముడితో చెప్పేది. ఆమెకు ఆ కోరిక ఎవరు గుర్తుచేసేవారో తమ్ముడు విచారించలేదు.

నవంబరులో అబూ జాసిం వర్క్‌షాపును అమ్మేశాడు. ఆయన మోకాళ్ళు మెట్లెక్కనివ్వడం లేదు, కొడుకులకు ఇనుమంటే ఆసక్తి లేదు. కొన్న కంపెనీ మనుషులందరినీ మామీర్ క్యాంపుకు మారుస్తానంది. కొత్త మేనేజరు ఒక శుక్రవారం వచ్చి, డప్పులు వినడానికి వచ్చినవాళ్ళు ఉండగానే వాకిట్లో నిలబడి హిందీలో చెప్పాడు.

"మామీర్ చుట్టూ ఫ్యాక్టరీలు. క్యాంపులో అగ్గిపుల్ల గీసినా ఒప్పుకోను. మంట లేకపోతే ఈ డప్పులతో మీకు పనేముంది? సామాన్ తగ్గించుకోండి. డప్పులు ఖలాస్."

అతను వెళ్ళిపోయాడు. భూమేష్ పోశన్న వైపు తిరిగి అన్నాడు: "కాకా, శుక్రారం డప్పు ఉందనే మనమందరం ఒక్కతాన కూసుంటున్నం. గది పోతే ఎవని మంచం వానిదే. జట్టు ఉండది."

"ఏం జేస్తవ్ రా? వీసా ఇచ్చిన కఫీలే మారిండు" అన్నాడు పోశన్న.

ఫ్లాస్కు మూత బిగిస్తున్న సత్యదుర్గ తలెత్తింది. "మామీర్‌కి నువైద్రాత్ పక్కనేనండీ. మా వాకిట్లో గది ఖాళీగా ఉంది."

ఆమె మామా వైపు తిరిగి అరబ్బీలో గబగబా ఏదో చెప్పింది. మామా ఒక డప్పును ఒళ్ళోకి తీసుకుని, బొటనవేలితో తోలు నొక్కి చూసింది. వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళకు ఆడవాళ్ళంతా కూర్చుని వాయించే పలక వాద్యంలో ఆమెదే మొదటి చేయి. ఆమె జవాబు చిన్నది. సత్యదుర్గ దాన్ని తెలుగు చేసింది.

"మా తమ్ముడు అమ్మింది వర్క్‌షాపు, డప్పులు కాదు అంటున్నారండీ."

పోశన్న తల అడ్డంగా ఊపాడు. "మంచి మాటే బిడ్డా. గని చేయి మారుతది. తోలు సచ్చిపోతది."

"పారేస్తే బతుకుద్దా అండీ?"

డప్పులు నువైద్రాత్ వెళ్ళాయి, ఒక్కటి తప్ప. పోశన్న తనదాన్ని దుప్పట్లో చుట్టి మామీర్ క్యాంపులో మంచం కింద దాచుకున్నాడు. దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు.

సెలవు రోజున భూమేష్ ఒక్కడూ నువైద్రాత్ నడిచివచ్చి, వాకిట్లో చిన్న మంట వేసి, డప్పులు ఒక్కొక్కటే కాచేవాడు. మామా అరుగు మీద కూర్చునేది. ఆమెకు తెలుగు రాదు. కళ్ళు మాత్రం బాగానే కనిపిస్తాయి.

"ఆ నల్ల గౌను నీకు మంచిగుంది" అన్నాడు భూమేష్ ఒకసారి, మంటలోకి చూస్తూ.

"నా మొహం చూసి చెప్పండి. మంటకి గౌను లేదు."

మామా ఏమంటున్నాడని అడిగింది. చాయ్ బాగుందంటున్నాడని సత్యదుర్గ చెప్పింది.

"నీ నవ్వు గూడ మంచిగుంటది. గని ఎప్పుడు నన్ను జూసే నవ్వుతవ్."

మామా మళ్ళీ అడిగింది. చాయ్‌లో యాలకులు బాగున్నాయంటున్నాడని సత్యదుర్గ చెప్పింది.

మామా ఆ అబ్బాయిని ఒకసారి, ఈ అమ్మాయిని ఒకసారి చూసింది. "మీ భాషలో చాయ్‌కి ఇన్ని మాటలున్నాయా?" అంది.

అంతా సవ్యంగా సాగుతుండగా భూమేష్ తన మనసులోని మాట చెప్పాడు. రోజుల తరబడి సాధన చేసిన మాట.

"వచ్చే ఎండకాలం నాకు సెలవున్నది. ఊరికి పోత. నిన్ను తోల్కపోత."

సత్యదుర్గ ముఖం వెంటనే మారింది. "ఏటన్నారు?"

"తోల్కపోత అన్న. నీకు ఇష్టమైతేనే."

"నేనేవన్నా గేదెనాండీ, తోలుకుపోడానికి? ఇష్టం కూడానా!"

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మామా ఏమైందని అడిగితే, ఈసారి చాయ్ బాగోలేదన్నాడని చెప్పింది. భూమేష్ తన మాటలోని తప్పేమిటో తెలియక, ఆమె తనను కాదన్నదనే నిర్ణయానికి వచ్చాడు. అందుబాటులో ఉన్న ఆధారాలను బట్టి అది అసంగతమైన నిర్ణయం కాదు.

ఆ వారంలోనే మేనేజరు మెత్తబడ్డాడు. డప్పులకు చోటు అడుగుతూ భూమేష్ రోజూ ఆఫీసు గుమ్మంలో నిలబడటం చూసి విసిగిపోయి ఉండవచ్చు. "శుక్రవారం కొత్త ఓనరు క్యాంపు చూడటానికి వస్తున్నారు. ఆయన ముందు ఒకసారి వాయించండి. నచ్చితే ప్రహరీ అవతలి ఖాళీ జాగా మీకిస్తాం. నచ్చకపోతే ఇంక నా దగ్గరికి రావద్దు."

బుధవారం వాన పట్టుకుంది. బహ్రెయిన్‌లో వాన అరుదు. వచ్చినప్పుడు అలవాటు లేని అతిథిలా ఎక్కడ ఆగాలో తెలియక రోడ్ల మీదే ఉండిపోతుంది. గురువారం సాయంత్రం భూమేష్ మోకాళ్ళ దాకా తడిసి నువైద్రాత్ గేటు తట్టాడు. తలుపు సందులోంచి గొంతు మాత్రమే వచ్చింది.

"మామా పడుకున్నారు."

"డప్పులు ఎట్లున్నయ్?"

"తోలు కదండీ. మీలాంటోళ్ళు తోలినట్టే ఉంటాయి."

"రేపే ఆట. కాపకుంటే మెత్తవడ్తయ్. జర తలుపు తియ్యి."

"మామా లేవందే తియ్యనండీ."

"నేనేమన్న గంత తప్పు?"

"అన్నది మీరు. గుర్తు చేసుకోడానికి నన్నడుగుతారేటి?"

వాన అతని చొక్కా కాలర్‌లోంచి లోపలికి దిగి, ప్యాంటు అంచులోంచి బయటికి వచ్చింది. తలుపు సందులోంచి ఒక తువ్వాలు మాత్రం బయటికి వచ్చింది. కోపంలో ఉన్న మనిషి తువ్వాలు ఎందుకిచ్చిందో అతను దారంతా ఆలోచించాడు.

శుక్రవారం కూడా చినుకులు ఆగలేదు. మెస్ హాల్లో కుర్చీలు వేశారు. కొత్త ఓనరు వచ్చి కూర్చున్నాడు. అప్పుడు అక్కడ ఉన్నది ఒకే ఒక్క డప్పు, పోశన్నది. మిగతావి కాచకుండా వానలో తెచ్చినా పలకవని భూమేష్ మళ్ళీ నువైద్రాత్ వెళ్ళలేదు. పోశన్న దాన్ని దుప్పట్లోంచి తీసి, కళ్ళకద్దుకుని, కొట్టాడు.

తడిసిన గోనెసంచి మీద కర్ర పడ్డట్టు వినిపించింది. ఇంకోసారి కొట్టాడు. అదే చప్పుడు. పరాయి చేయి పడని డప్పు అది.

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఓనరు లేవబోయాడు.

బయట కారు హారను మోగింది. మామా ముందు సీట్లో డ్రైవరు పక్కన ఉంది; వెనక సీటంతా దుప్పటి మూటలు, వాటి మధ్య సత్యదుర్గ. "యల్లా, యల్లా, పట్టుకోండి! చల్లారిపోతాయి!"

మూటలు విప్పితే డప్పులు వెచ్చగా ఉన్నాయి. సాంబ్రాణి వాసన వేశాయి. మామా ఇంట్లో ధూపం వేసే బొగ్గుల కుంపటి మీద తెల్లవారుజాము నుంచి ఇద్దరూ వంతులవారీగా వాటిని కాచారు. ఎవరిది ఏదో చూసుకునే వ్యవధి లేకపోయింది. చేతికి ఏది అందితే అది తీసుకున్నారు. పోశన్న చేతికి భూమేష్ డప్పు వచ్చింది, భూమేష్ చేతికి ఇంకెవరిదో. ఒక్క క్షణం అందరూ పోశన్న వైపు చూశారు.

"సూత్తరేందిరా? కొట్టుండ్రి!" అన్నాడు పోశన్న.

కొట్టారు. ప్రతి డప్పూ ఖంగుమంది. కిటికీ అద్దాలు అదిరాయి. వంటవాళ్ళు గరిటెలతో సహా బయటికి వచ్చారు. ఓనరు మళ్ళీ కూర్చున్నాడు. మొదటి దరువు అయ్యేసరికి అతని పాదం కదిలింది. మూడో దరువుకు మేనేజరుది కూడా.

ప్రహరీ అవతలి జాగా ఇచ్చారు. మంటకు మాత్రం అనుమతి ఇవ్వలేదు, అందుకని డప్పులు నువైద్రాత్‌లోనే ఉండిపోయాయి.

జనం చెదిరాక పోశన్న సత్యదుర్గ దగ్గరికి వచ్చాడు. "నీకు డప్పు కాపుడు ఎట్ల తెలుసు బిడ్డా?"

"మా నాన్న తప్పెట వాయిస్తాడండీ. వర్షాకాలం పెళ్ళిళ్ళొస్తే ఇంటిల్లిపాదీ పొయ్యి చుట్టూ ఇయ్యే పట్టుకుని కూర్చునేవోళ్ళం. అమ్మ చెయ్యీ, నా చెయ్యీ, నానమ్మ చెయ్యీ, అన్నీ పడేయి."

"ఆ రోజు అప్పడమంటివట?"

"మీవోణ్ణి ఉడికిద్దావని."

పోశన్న నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు. "మరి వాని మీద అలిగినవేంది? వారం దినాలాయె, పోరడు సరిగ తింటలేడు."

"నన్ను తోలుకుపోతానన్నారండీ. గొడ్డుని తోలినట్టు."

పోశన్న నోరు తెరిచి ఆమెను చూశాడు. తర్వాత గోడకు చేరగిలబడి నవ్వాడు. "ఓ నా తల్లీ! మా దిక్కు పెండ్లాన్ని తోల్కపోతం. బర్రెనైతే కొట్టుకపోతం."

"కొట్టుకుపోడవా? మావైపు కొట్టుకుపోయేది వరదలోనండీ!"

"అయితే మంచిదే. వాడు గా మాట అనలే."

భూమేష్ కాస్త దూరంలో డప్పులు తుడుస్తున్నాడు. తుడిచిందే మళ్ళీ తుడుస్తున్నాడు. సత్యదుర్గ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు మాట మళ్ళీ చెప్పండి. నాకర్థమయ్యే తెలుగులో."

అతను లేచి నిలబడ్డాడు. "నిన్ను పెండ్లి చేసుకుంట."

"ఇది అర్థమైందండీ."

"మరి?"

"మా నాన్ననడగాలి. ఆయన మాట మీద కంటే తప్పెట మీద ఎక్కువ నమ్మకం ఉన్న మనిషి."

కారులోంచి మామా ఏమిటని అడిగింది. సత్యదుర్గ మొదటిసారి ఉన్నదున్నట్టు అరబ్బీలోకి తర్జుమా చేసింది. మామా తనకు ముందే తెలుసంది.

తర్వాతి శుక్రవారం నువైద్రాత్ ఇంటి ఫోను తీగ వాకిలి దాకా లాగారు. అవతల రాజోలు ఎస్టీడీ బూత్‌లో సత్యదుర్గ తండ్రి భీమేశ్వరరావు రిసీవరు పట్టుకుని ఉన్నాడు.

"ఏం పని చేస్తాడమ్మా?"

"వెల్డరు నాన్నా. డప్పు కూడా వాయిస్తారు."

"అది ముందు చెప్పవేం? వాయించమను."

ఆమె రిసీవరు చాచింది. భూమేష్ వాయించాడు. మామా అరుగు మీద కూర్చుని తాళం వేసింది. దరువు ముగిశాక సత్యదుర్గ రిసీవరును చెవికి ఆనించుకుని చాలాసేపు వింది.

"ఏమన్నడు?" అన్నాడు భూమేష్.

"ఎడం చేతి పుల్ల ఆలస్యంగా పడుతుందంట. వచ్చాక నేర్పుతానన్నాడు. ఎప్పుడొస్తారో కనుక్కోమన్నాడు."

పెళ్ళి మరుసటి జూన్‌లో రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో జరిగింది. సెలవు ముగిశాక ఇద్దరూ బహ్రెయిన్ తిరిగి వచ్చారు. మామా వాకిటి గది వాళ్ళకిచ్చి, డప్పులను అరుగు మీదికి మార్పించింది.