బొద్దుగాడి ఏటి షికారు

పొద్దున్నే టైలరుగారు స్కూటరు స్టార్ట్ చేశారో లేదో, కూతురు చేతిలో గరిటెతోనే గుమ్మానికి అడ్డం వచ్చింది.

"ఇవాళొద్దు నాన్నా. వాడికి ఒంట్లో అస్సలు బాగాలేదు."

"బాగాలేనివాడు బండి చప్పుడు వినగానే అలా లేస్తాడా? కళ్ళు తెరిచి చూడవే!"

లేచిన మాట నిజమే. పేరుకే బొద్దుగాడు, ఇప్పుడు ఉత్త ఎముకల గూడు. కిడ్నీలు రెండూ పోయాయని పశువుల డాక్టరు ఎప్పుడో చేతులెత్తేశాడు. టైలరుగారు వింటేగా! ఏటిగాలి తగిలితే కుక్కకి ప్రాణం లేచొస్తుందని ఆయన పట్టుదల. భార్య పోయాక దుకాణం మూసేసి, గోడకేసి తిరిగి పడుకున్న మనిషిని చొక్కా పట్టి బయటికి లాగింది ఆ కుక్కే. అలాంటివాణ్ని ఎలా వదులుకుంటారు పాపం?

చేసేదిలేక కూతురు వాణ్ని ఒళ్ళో పెట్టుకుని బండి వెనక కూర్చుంది.

ఏటి ఒడ్డున ఎండ అప్పుడే వెచ్చబడుతోంది. గడ్డి తడిగా ఉంది, నీళ్ళలో చిన్నచిన్న చేపలు తిరుగుతున్నాయి. టైలరుగారి ఉత్సాహం పట్టతరం కాలేదు. "అదిగో కొంగ! తరమరా!"

బొద్దుగాడు కొంగవైపు నాలుగడుగులు వేసి, పచ్చగా కక్కి కూలబడ్డాడు.

"శభాష్! నిన్నటికన్నా నయమే," అన్నారాయన.

కూతురికి ఒళ్ళు మండిపోయింది.

"ఏం నయం నాన్నా? నువ్వు దుకాణానికి పోయాక వాడెలా ఉంటాడో నీకేం తెలుసు? వణుకుతూ, మూలుగుతూ మంచం కింద పడి ఉంటాడు. నువ్వొచ్చే వేళకి ఎలాగో లేచి తోకాడిస్తాడు. ఇంక చాలు. డాక్టరు చెప్పిన ఆ ఇంజెక్షన్ ఇప్పించేద్దాం. ప్రశాంతంగా పోతాడు."

"వాడి పీడ ఎప్పుడు విరగడవుతుందా అని చూస్తున్నావా?" టైలరుగారు గొంతు చించుకున్నారు. "వాడికి ఈ ఏరంటే ప్రాణం. కావాలంటే చూడు!"

విసవిసా నడిచి అల్లంత దూరం వెళ్ళి, నీళ్ళ పక్కన నిలబడి పిలిచారు. "రారా బొద్దూ!"

వాడు ఏటివైపు చూడనేలేదు. ఆయన్నే చూశాడు. వెనక్కాళ్ళు లేవలేదు. ముందుకాళ్ళతో నేలని పట్టుకుని, గడ్డిలో పొట్ట ఈడ్చుకుంటూ బయల్దేరాడు. కాసేపు రొప్పుతున్నాడు, మళ్ళీ పాకుతున్నాడు. తోక మాత్రం ఊపుతూనే ఉన్నాడు.

టైలరుగారు పరుగెత్తుకొచ్చి బురదలో కూలబడ్డారు. "వద్దురా నాన్నా, రావద్దు... వీడు ఏటికోసం లేవట్లేదే తల్లీ. నేను పిలుస్తున్నానని లేస్తున్నాడు. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమే?"

"అమ్మ పోయాక నువ్వు నవ్వేది ఇక్కడొక్కచోటే నాన్నా. ఎలా చెప్పను?" కూతురు ఆయన భుజం మీద తల పెట్టి బావురుమంది.

ఆయన చాలాసేపు వాడి తల నిమిరారు. "డాక్టరుకి ఫోన్ చెయ్యమ్మా. ఇంటికే రమ్మను."

ఆ గొంతు చెవిన పడగానే బొద్దుగాడు మళ్ళీ కాళ్ళు కూడదీసుకోబోయాడు. తన గొంతు వింటే వాడు లేవబోతాడని, టైలరుగారు చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఏడ్చారు.